టాలోస్ అసమదీయుడా, తసమదీయుడా? కామిక్ విలన్‌ని తెర మీద మంచివాడిని చేయడం సరైనదేనా?

పాత_సంచికలు:

ముందే చెబుతున్నాను, ఈ చర్చలో కెప్టెన్ మార్వెల్ సినిమా (2019), సీక్రెట్ ఇన్వేజన్ సిరీస్ (2023) కథలు పూర్తిగా బయటికి వస్తాయి. చూడనివాళ్లు చూసి రండి.

సినిమా చూసినవాళ్లకి టాలోస్, అంటే స్క్రల్ అనే గ్రహాంతర జాతి నాయకుడు, మంచివాడు. పచ్చటి చర్మం, గడ్డం మీద నిలువు గాట్లు, మొనదేలిన చెవులు. సగం సినిమా దాకా అతన్నే విలన్ అనుకుంటాం. తర్వాత తెలుస్తుంది, అతను భార్యాబిడ్డల కోసం వెతుక్కుంటున్న శరణార్థి అని. బెన్ మెండెల్‌సన్ ఎంత బాగా చేశాడో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

కానీ ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మన దగ్గర చాలా కొద్దిమందికే తెలుసు. 1994లో ఇన్‌క్రెడిబుల్ హల్క్ 418వ సంచికలో టాలోస్ మొదటిసారి కనిపించాడు. రాసింది పీటర్ డేవిడ్, బొమ్మలు గ్యారీ ఫ్రాంక్. అది హల్క్ స్నేహితుడు రిక్ జోన్స్, మార్లో పెళ్లి సంచిక. తర్వాతి 419వ సంచికలో అతనికీ హల్క్‌కీ పోరు. ఆ తర్వాత అతనికి పెద్ద కథలేవీ దక్కలేదు. చిన్న పాత్ర, చిన్న విలన్.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. స్క్రల్ జాతి అంటేనే రూపం మార్చుకునే జాతి. అదే వాళ్ల ఆయుధం, అదే వాళ్ల గుర్తింపు. కామిక్‌లోని టాలోస్ పుట్టుకతోనే రూపం మార్చుకోలేడు. తన వాళ్లందరికీ పుట్టుకతో వచ్చే విద్య అతనొక్కడికే రాదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఎవరూ చేయనంత భీకరంగా యుద్ధం చేసి 'టాలోస్ ది అన్‌టేమ్డ్', అంటే ఎవరికీ లొంగనివాడు అన్న పేరు తెచ్చుకున్నాడు. తర్వాత శత్రువులైన క్రీలకు పట్టుబడ్డాడు. అలాంటప్పుడు స్క్రల్ యోధుడు ప్రాణం తీసుకోవాలి. టాలోస్ తీసుకోలేదు. దాంతో 'లొంగనివాడు' కాస్తా సొంత జనం దృష్టిలో 'లొంగిపోయినవాడు' అయ్యాడు. పోయిన పరువు చావుతోనైనా తిరిగి రావాలని హల్క్‌తో కయ్యానికి దిగాడు. హల్క్ చేతిలో పోతే వీరమరణం కదా.

సినిమా ఇదంతా తీసేసింది. రూపం మార్చుకోలేని స్క్రల్ పేరు తీసుకెళ్లి, రూపం మార్చడంలో ఆరితేరినవాడికి పెట్టింది. విలన్‌ని మంచివాడిని చేశారని నా బాధ కాదు. అతనిలో ఉన్న లోపాన్ని తీసేశారని నా బాధ. మీరేమంటారు?

---

వెండితెర_పిచ్చి:

అన్నా, గౌరవంగానే చెబుతున్నాను, నేను ఒప్పుకోను.

రెండు సంచికల్లో ముఖ్యంగా కనిపించిన పాత్ర అది. పాతికేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సినిమా వాళ్లకి స్క్రల్ నాయకుడికి ఒక పేరు కావాలి, అరల్లోంచి ఒకటి తీసుకున్నారు. పేరు తప్ప ఏమీ తీసుకోలేదంటే అది కొత్త పాత్రే. కొత్త పాత్రగానే చూడండి. ఎంత గొప్పగా ఉందో చూడండి.

ఒక్క సీన్ గుర్తు చేస్తాను. కారు ప్రమాదంలో చనిపోయిన స్క్రల్ శవాన్ని పరీక్ష బల్ల మీద పడుకోబెడతారు. పక్కన గూఢచారి సంస్థ షీల్డ్‌లో పనిచేసే నిక్ ఫ్యూరీ, అతని పై అధికారి కెల్లర్ ఉంటారు. ఫ్యూరీ వెళ్లిపోయాక కెల్లర్ ఒక్కడే ఆ శవం దగ్గర నిలబడి, తమ భాషలో వీడ్కోలు చెబుతాడు. అప్పుడు మనకు తెలుస్తుంది, కెల్లర్ రూపంలో ఉన్నది టాలోస్ అని. మొదటిసారి చూసినప్పుడు 'అమ్మో, శత్రువు లోపలికి వచ్చేశాడు' అని భయం వేస్తుంది. రెండోసారి చూస్తే, పోయిన తన మనిషికి బహిరంగంగా ఏడవలేని ఒక నాయకుడు కనిపిస్తాడు. అదే షాట్, అదే మొహం. ఇలాంటిది రాయగలిగిన వాళ్లని పాత సంచికలో ఏముందని నిలదీయడం ఏం న్యాయం?

రూపం మార్చుకోలేకపోతే ఈ సీనే లేదు.

---

ఆకుపచ్చ_గాట్లు:

మీ ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. అసలు నష్టం ఇంకోచోట జరిగింది.

స్క్రల్స్ మొదట వచ్చింది ఫెంటాస్టిక్ ఫోర్ రెండో సంచికలో, 1962 జనవరి తేదీతో. స్టాన్ లీ, జాక్ కర్బీ. అమెరికాలో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలం. పక్కింటివాడు గూఢచారేమో అని భయపడే కాలం. ఆ భయానికే పచ్చరంగు వేసి గెలాక్సీ అవతలి నుంచి తెచ్చారు. నలుగురు స్క్రల్స్ నలుగురు హీరోల రూపాలు ఎత్తి నేరాలు చేస్తారు. జనం హీరోలనే అసహ్యించుకుంటారు. చివర్లో పట్టుబడ్డ ముగ్గురిని ఆ హీరోల నాయకుడు రీడ్ రిచర్డ్స్ ఆవులుగా మారమని చెప్పి, తాము ఎవరో మర్చిపోయేలా హిప్నటైజ్ చేసి గడ్డి మేయడానికి వదిలేస్తాడు. చిన్నపిల్లల కథలా ఉంటుంది గానీ ఆలోచిస్తే వెన్ను జలదరిస్తుంది.

అక్కడి నుంచి 2008 సీక్రెట్ ఇన్వేజన్ కామిక్ దాకా ఒకటే దారం. మన మధ్య ఉన్నవాళ్లలో ఎవరు మనవాళ్లు? బ్రయన్ మైకేల్ బెండిస్ ఎనిమిది సంచికల్లో ఆ ప్రశ్నతోనే ఊపిరాడనివ్వలేదు.

2019లో స్క్రల్స్ అంతా బాధితులే అని చెప్పేశారు. ఇక ఆ ప్రశ్నకు పదును ఎక్కడుంది? అందుకే 2023లో అదే పేరుతో సిరీస్ తీసినప్పుడు భయం పుట్టలేదు. మంచివాళ్లని చూపించిన నాలుగేళ్లకు వాళ్లనే మళ్లీ చెడ్డవాళ్లని చేయాల్సి వచ్చింది. టాలోస్ ఆ మధ్యలో నలిగిపోయాడు. అతన్ని విలన్‌గా ఉంచి ఉంటే ఈ తికమక ఉండేదే కాదు.

---

కృష్ణ_ఒడ్డు:

నేను కామిక్స్ చదవలేదు. సినిమా, సిరీస్ రెండూ చూశాను. ఆకుపచ్చ_గాట్లు గారూ, 'బాధితులే అని చెప్పేశారు' అన్న మాట దగ్గర నాకు గుచ్చుకుంది, అందుకే రాస్తున్నాను.

మా తాతల ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఒక ప్రాజెక్టు కింద మునిగిపోయింది. భూమికి భూమి ఇస్తామన్నారు, ఇళ్లు కట్టిస్తామన్నారు. మా నాయన ఇప్పటికీ ఆ కాగితాలు ఒక రేకుపెట్టెలో దాచి ఉంచాడు. మా తాత ఆ మాట నమ్మి చనిపోయాడు. మా నాయన అడిగి అడిగి ఊరుకున్నాడు. మా చిన్నాన్న మాత్రం కోపంతో ఊగిపోయేవాడు, ఇంట్లో కూడా ఆయన ముందు ఆ ఊసు ఎత్తడానికి భయపడేవాళ్లం. ఒకే ఇల్లు, ఒకే మాట తప్పిన పెద్దలు, ముగ్గురు మనుషులు ముగ్గురిలా అయ్యారు.

సిరీస్‌లో టాలోస్‌నీ, తిరగబడ్డ స్క్రల్ గ్రావిక్‌నీ చూసినప్పుడు నాకు మా నాయన, చిన్నాన్న కనిపించారు. 1990ల్లో ఫ్యూరీ, కెరోల్ (అదే, కెప్టెన్ మార్వెల్) వాళ్లకి కొత్త ఇల్లు చూపిస్తామని మాట ఇచ్చారు. దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి. ఇల్లు రాలేదు. ఆ ముప్పై ఏళ్లూ స్క్రల్స్ రూపాలు మార్చుకుని ఫ్యూరీకి గూఢచారులుగా పనిచేశారు. టాలోస్ ఇంకా ఆ మాట పట్టుకుని ఉన్నాడు. గ్రావిక్ విసిగిపోయి అణుయుద్ధం రేపి భూమినే లాక్కోవాలనుకున్నాడు.

బాధితుడు అయినంత మాత్రాన అందరూ ఒకేలా మంచివాళ్లు అయిపోరు. సిరీస్ సరిగ్గా తీయలేదని అంటే ఒప్పుకుంటాను, చాలాచోట్ల హడావుడిగా ఉంది. కానీ టాలోస్‌ని విలన్‌గా ఉంచాలి అంటే మాత్రం ఒప్పుకోను. ఓపిక పట్టినవాడి కథ తెర మీద చాలా అరుదు. కోపం వచ్చినవాడి కథలే ఎప్పుడూ చూస్తాం.

---

ఆకుపచ్చ_గాట్లు:

కృష్ణ_ఒడ్డు గారూ, మీ ఇంటి సంగతి చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. మీరు చెప్పింది టాలోస్‌కి అతికినట్టు సరిపోయింది. అది కాదనను.

నా మాట కొంచెం సరిచేసుకుంటాను. టాలోస్ ఒక్కడినీ మంచివాడిని చేయడంలో తప్పు లేదు. సినిమాలో అతనే ఒప్పుకుంటాడు, ఈ యుద్ధంలో తన చేతులకీ మురికి అంటిందని. ఆ ఒక్క మాట నాకు చాలా నచ్చింది. కానీ ఆ మురికి ఏంటో సినిమా చూపించదు. అతను చేసిన ఘోరం ఒక్కటైనా చూపించి, ఆ తర్వాత పిల్లను ఎత్తుకునేలా చేసి ఉంటే, నేను రెండు రకాలుగానూ కదిలిపోయేవాణ్ని. సినిమాలో క్రీలు చెడ్డ, స్క్రల్స్ మంచి అని బల్ల తిరగేశారు. పావులు మారాయి తప్ప ఆట అదే.

కామిక్స్‌లో క్రీ, స్క్రల్ యుద్ధం అలా ఉండదు. 1971–72లో అవెంజర్స్ సంచికల్లో రాయ్ థామస్ రాసిన ఆ యుద్ధంలో రెండు సామ్రాజ్యాలూ దుర్మార్గమైనవే. మధ్యలో భూమి ఇరుక్కుంటుంది. అదే నిజానికి దగ్గర.

---

సావిత్రి_అభిమాని:

చర్చ పేరు చూసి లోపలికి వచ్చాను, అసమదీయులు అన్న మాట నన్ను లాగింది.

వెండితెర_పిచ్చి గారు చెప్పిన శవం సీన్ గురించి ఒక మాట. మనకి 1957లోనే మాయాబజార్‌లో రూపం మార్చుకున్న పాత్రని తెర మీద ఎలా చూపాలో చూపించారు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గారు. అదే ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తినప్పుడు సావిత్రి గారు. చీర, నగలు, మొహం అన్నీ శశిరేఖవే. నడకలో, భుజాల విసురులో, కళ్లెర్రజేయడంలో లోపల ఉన్న రాక్షసుడు కనిపిస్తాడు. ఆమె ఒక ఆడపిల్లలో ఒక మగ రాక్షసుణ్ని నటించింది, అది కూడా రంగారావు గారి పోకడలతో. ఏ గ్రాఫిక్స్ లేకుండా.

మెండెల్‌సన్ చేసిందీ అలాంటి పనే, ఎదురు దారిలో. కెల్లర్ అనే అమెరికా అధికారిగా ఆయన అమెరికా యాసలో, పొడిపొడిగా మాట్లాడతాడు. టాలోస్‌గా తన సొంత ఆస్ట్రేలియా యాసలో, తీరిగ్గా మాట్లాడతాడు. మొహం నిండా మేకప్ ఉన్నప్పుడే ఎక్కువ మనిషిలా అనిపిస్తాడు, సొంత మొహంతో ఉన్నప్పుడు ముసుగు వేసుకున్నట్టు అనిపిస్తాడు. తెలుగు డబ్బింగ్‌లో చూసినవాళ్లు ఒకసారి ఇంగ్లీషులో వినండి, ఆ యాస తేడా అక్కడే తెలుస్తుంది.

ఇంకోటి. రూపం మార్చేవాడు అనగానే మోసగాడు అని మనం అనుకోనక్కర్లేదు. బంగారు జింక రూపంలో వచ్చిన మారీచుడు ఉన్నాడు, తమ్ముడు అభిమన్యుడి పెళ్లి కోసం మాయ చేసిన ఘటోత్కచుడూ ఉన్నాడు. మాయ ఒకటే, ఎవరి కోసం చేశాడన్నదే తేడా. తెలుగు ప్రేక్షకుడికి టాలోస్ మారడం అంత వింతగా అనిపించకపోవడానికి ఇది కూడా ఒక కారణమేమో.

---

పాత_సంచికలు:

సావిత్రి_అభిమాని గారూ, మీ పోలిక చదివి మాయాబజార్‌లో 'అహ నా పెళ్ళియంట' పాట సీన్ మళ్లీ చూశాను. నిజంగా భుజాల్లోనే ఉంది అంతా.

అందరికీ కలిపి జవాబు చెబుతాను. మొదట నా ప్రశ్న సరిగ్గా పెట్టలేదేమో. మంచా చెడా అన్నది నాకు ముఖ్యం కాదు. కామిక్స్‌లోనే మంచి స్క్రల్స్ ఉన్నారు. లైజా అనే స్క్రల్ అమ్మాయి అలీషా మాస్టర్స్ అనే మనిషి రూపంలో ఫెంటాస్టిక్ ఫోర్ హీరో జానీ స్టార్మ్‌ని పెళ్లి చేసుకుని నిజంగానే ప్రేమించింది. 1982లో వచ్చిన డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్ గ్రాఫిక్ నవలలో, క్యాన్సర్‌తో మంచం పట్టిన పాత కెప్టెన్ మార్వెల్, అంటే మార్‌వెల్ దగ్గరికి ఒక స్క్రల్ సేనాని వస్తాడు. తమ జాతికి ఆగర్భ శత్రువు అయిన ఆ క్రీ యోధుడికి తమ శౌర్య పతకం ఇచ్చి వెళతాడు. జిమ్ స్టార్లిన్ రాసి, గీసిన ఆ పేజీ దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. కాబట్టి స్క్రల్ అంటే చెడ్డ అన్నది పాత సంచికలు చదివినవాడి వాదన కాదు.

నా వాదన లోపం గురించి. వెండితెర_పిచ్చి తమ్ముడు అన్నాడు, రూపం మార్చుకోలేకపోతే శవం సీనే లేదని. ఆ సీన్ ఇంకో స్క్రల్‌తో చేయించవచ్చు. రూపం మార్చుకోలేని నాయకుడు ఒక దాక్కునే జాతికి నాయకుడైతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. భూమ్మీద మిగతా స్క్రల్స్ అందరూ మనుషుల్లో కలిసిపోగలరు, ఉద్యోగాలు చేయగలరు, బస్సు ఎక్కగలరు. అతనొక్కడే బయటికి రాలేడు. ముప్పై ఏళ్లు ఒకే గదిలో, సొంత మొహంతో. అందరికీ ఇల్లు కావాలని అడిగేవాడు అతనే, ఎందుకంటే అది అందరికంటే ఎక్కువ కావాల్సింది అతనికే. కృష్ణ_ఒడ్డు గారు చెప్పిన ఓపిక ఇంకెంత బరువుగా ఉండేదో ఆలోచించండి. మంచివాడిని చేయండి, శరణార్థిని చేయండి, అన్నీ చేయండి. ఆ ఒక్క లోపం మాత్రం ఉంచాల్సింది.

---

వెండితెర_పిచ్చి:

అన్నా, ఊహ బాగుంది. నిజంగా బాగుంది. కానీ రెండు సంచికల పాత్ర మీద మీకింత పట్టుదల ఎందుకో నాకు అర్థం కావట్లేదు. తప్పుగా అనుకోకండి, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

---

పాత_సంచికలు:

తప్పుగా ఏమీ అనుకోను. చెబుతాను.

నాకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఇంట్లో అందరూ మాటకారులు. నాన్న హరికథలు చెప్పేవారు, అక్క డిబేట్లలో బహుమతులు తెచ్చేది. ఊళ్లో ఎవరైనా 'మీది మాటల కుటుంబం' అంటే నేను తల దించుకునేవాణ్ని. మాట రాదు కాబట్టి చదువులో అందర్నీ మించిపోవాలని కసిగా చదివాను. మించిపోయాను కూడా. ఒకరోజు స్కూల్లో ప్రార్థన తర్వాత అందరి ముందు ఏదో చదవమన్నారు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. పిల్లలు నవ్వారు, మాస్టారు కూడా నవ్వారు. నేను కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను, పారిపోలేదు. తర్వాత ఎన్నేళ్లయినా, ఎన్ని మార్కులొచ్చినా, అందరూ గుర్తుపెట్టుకున్నది ఆ రోజునే.

కాలేజీ రోజుల్లో సెకండ్ హ్యాండ్ పుస్తకాల బండి మీద హల్క్ 419 దొరికింది. తన వాళ్లందరికీ వచ్చింది తనకొక్కడికి రాని మనిషి. ఆ లోటు కప్పుకోవడానికి మిగతా అన్నింటిలో భీకరంగా తయారైన మనిషి. ఒక్క రోజు ఓడిపోయి బతికినందుకు పాత గెలుపులన్నీ చెరిగిపోయిన మనిషి. బండి పక్కనే నిలబడి చదివేశాను.

అందులో హల్క్ చేసిన పని నాకు ఇంకా గుర్తు. ఆ కాలంలో పీటర్ డేవిడ్ రాస్తున్న హల్క్‌కి, హల్క్‌గా మారే శాస్త్రవేత్త బ్యానర్ తెలివితేటలు కూడా ఉంటాయి, కనిపించినదల్లా పగలగొట్టే హల్క్ కాదు. ఎదుటివాడు గెలవడానికి రాలేదు, చావడానికి వచ్చాడు అని అతనికి అర్థమవుతుంది. అర్థమయ్యాక కొట్టడు. టాలోస్‌కి కావాల్సిన చావు ఇవ్వడు. విలన్‌ని గెలిచిన కథ కాదది. ఒకడి సిగ్గుని ఇంకొకడు గుర్తుపట్టిన కథ.

పీటర్ డేవిడ్ 2025 మేలో చనిపోయారు. పన్నెండేళ్ల దాకా హల్క్‌ని రాసిన మనిషి. ఆ వార్త చదివినరోజు అందరూ ఆయన పెద్ద పాత్రల గురించి రాశారు. నేను ఈ చిన్న పాత్ర గురించి రాయాలనుకున్నాను. రాయడానికి ఇప్పటికి కుదిరింది.

---

వెండితెర_పిచ్చి:

అన్నా, అడిగినందుకు సంతోషం. ఇంకేమీ రాయలేకపోతున్నాను. ఆ రెండు సంచికలూ చదివి మళ్లీ వస్తాను.

---

గోదారి_లంక:

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నాను. మా అబ్బాయికి వినికిడి తక్కువ. పాత_సంచికలు గారి పోస్ట్ వాడికి చదివి వినిపించలేదు, ఫోన్ ఇచ్చి చదవమన్నాను. చదివి ఒకటే అడిగాడు: "సినిమాలో అతనికి ఆ లోపం ఉంటే చివర్లో బాగు చేసేసేవాళ్లేమో కదా అమ్మా?"

నాకు సమాధానం దొరకలేదు. సిరీస్ చివర్లో టాలోస్ కూతురు గియాకి ఒక యంత్రంతో అందరి శక్తులూ వచ్చేస్తాయి. అక్కడ టాలోస్ ఉండి ఉంటే అతనికీ ఆ యంత్రమే దిక్కు అనేవాళ్లు. లోపం ఉన్నవాణ్ని లోపంతోనే చివరిదాకా ఉంచే ధైర్యం ఉందా అన్నది నా అనుమానం.

---

ఆకుపచ్చ_గాట్లు:

గోదారి_లంక గారూ, మీ అబ్బాయి అడిగింది ఈ చర్చ మొత్తంలో నాకు తట్టని ప్రశ్న. ఆలోచిస్తే, కామిక్‌లో ఆ మాత్రం మర్యాద చూపారు. టాలోస్‌కి ఎవరూ మందు వేయలేదు, మంత్రం వేయలేదు. చివరిదాకా ఒకే మొహంతో ఉన్నాడు.

ఇప్పుడు నా వాదనలో ఒక భాగం వదులుకుంటున్నాను. అతన్ని విలన్‌గానే ఉంచాలి అన్నాను, అది వదిలేస్తున్నాను. కానీ ఇంకో భాగం వదలను. స్క్రల్స్ అందరినీ ఒక్కసారిగా పాపం అనిపించేలా చేసింది 2019 సినిమాయే. దాని ఫలితం సిరీస్ చివర్లో కనిపించింది. అమెరికా అధ్యక్షుడు రిట్సన్ భూమ్మీది గ్రహాంతరవాసులందరినీ శత్రువులుగా ప్రకటిస్తాడు. జనం వీధుల్లో స్క్రల్స్ అనుకుని ఎవర్నిబడితే వాళ్లని చంపుతుంటారు. ఇదే అసలు కథ. ఇది మొదటి ఎపిసోడ్‌లో మొదలు కావాల్సింది, ఆఖరి ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో ముగించారు. ఆ వీధుల్లో రూపం మార్చుకోలేని టాలోస్ ఉండి ఉంటే? పాత_సంచికలు గారి ఊహ నన్ను అక్కడికి తీసుకెళ్లింది.

---

కృష్ణ_ఒడ్డు:

ఉండాల్సింది. కానీ అతన్ని నాలుగో ఎపిసోడ్‌లోనే చంపేశారు. అదే నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది.

అధ్యక్షుడి కాన్వాయ్ మీద దాడి జరుగుతుంది. టాలోస్‌కి గాయమై రూపం నిలవదు, పచ్చటి మొహం బయటపడుతుంది. సైనికుడి వేషంలో ఉన్న గ్రావిక్ సాయం చేస్తున్నట్టు దగ్గరికి వచ్చి కత్తితో పొడుస్తాడు. ఫ్యూరీ అధ్యక్షుణ్ని తీసుకుని వెళ్లిపోవాల్సి వస్తుంది. ముప్పై ఏళ్ల స్నేహితుడి శవాన్ని రోడ్డు మీద వదిలేసి.

పాత_సంచికలు గారూ, మీరన్నది ఆ ఒక్క నిమిషంలో ఉంది చూడండి. రూపం నిలవని టాలోస్. చుట్టూ మనుషులు. సొంత మొహంతో దొరికిపోయిన టాలోస్. రాసినవాళ్లకి పాత కామిక్ గుర్తుందో లేదో నేను చెప్పలేను. కానీ అక్కడ మాత్రం అతను మీ టాలోసే.

తర్వాతి ఎపిసోడ్‌లో గియా, ఫ్యూరీ భార్య వారా కలిసి అతనికి అంత్యక్రియలు చేస్తారు. కొద్దిసేపే. చితి మంట, ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల భాషలో ప్రార్థన. మా తాత పోయినప్పుడు ఆయన పాత ఊరి మట్టిలో కలపమన్నాడు. ఆ ఊరు నీళ్ల కింద ఉంది. నీళ్లు తగ్గిన వేసవిలో గుడి పైకప్పు బయటపడితే, అస్థికలు అక్కడికి తీసుకెళ్లి కలిపాం. ఇల్లు దొరకని మనిషిని ఎక్కడ కాల్చాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. సిరీస్ ఆ ప్రశ్న దాకా వచ్చి ముందుకెళ్లిపోయింది.

---

సావిత్రి_అభిమాని:

కృష్ణ_ఒడ్డు గారూ, ఆ నిమిషం నేను చూశాను కానీ మీరు చెప్పినట్టు చూడలేదు. ఇప్పుడు మళ్లీ చూడాలి.

ఒక్క చిన్న అభ్యంతరం మాత్రం పాత_సంచికలు గారికి. లోపం ఉంచాల్సింది అన్నారు, బాగుంది. మరి మెండెల్‌సన్ రెండు మొహాలతో చేసిన నటన పోతుంది కదా? ఆ నటన వల్లే కదా మనమంతా టాలోస్ గురించి ఇన్ని రోజులుగా మాట్లాడుతున్నాం. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. నేనైతే నటననే ఉంచుకుంటాను.

---

పాత_సంచికలు:

నేను లోపాన్ని ఉంచుకుంటాను. మేకప్ కింద ఒకే మొహంతో కూడా ఆయన అంతే గొప్పగా చేసేవాడని నా నమ్మకం. సినిమాలో మనందరికీ గుర్తున్న సీన్లు చూడండి. కెరోల్ స్నేహితురాలు మరియా రాంబో ఇంట్లో కూర్చుని కూల్‌డ్రింక్ తాగుతూ మాట్లాడే సీన్, పిల్లిని చూసి బెదిరిపోయే సీన్, అంతరిక్షంలోని ల్యాబ్‌లో భార్యాబిడ్డల్ని చూసే సీన్. అన్నీ పచ్చటి మొహంతోనే కదా.

---

సావిత్రి_అభిమాని:

అది నిజమే. ఆ మూడూ పచ్చటి మొహంతోనే. అయినా కెల్లర్‌ని వదులుకోలేను, క్షమించండి.

---

వెండితెర_పిచ్చి:

418, 419 చదివేశాను. రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి.

అన్నా, నా మాట మొత్తం మార్చుకోలేదు. సినిమా టాలోస్ నాకు ఇప్పటికీ ఇష్టమే. శవం సీన్ మీద కూడా అదే మాట. కానీ 'పేరు తప్ప ఏమీ లేదు, అరల్లోంచి ఒకటి తీసుకున్నారు' అన్నాను చూడండి, అది వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడ ఒక మనిషి ఉన్నాడు. అతని పేరు తీసుకుని అతన్ని అక్కడే వదిలేశారు.

ఇంకో సంగతి అడగాలి. హల్క్ కొట్టకుండా ఆపేశాక టాలోస్‌కి ఏం మిగిలింది? చావూ దక్కలేదు, పరువూ దక్కలేదు. మీ మాటల్లో అది దయలా వినిపించింది. నాకైతే అది శిక్షలా అనిపించింది. దీని మీద మీరేమంటారో చెప్పండి.

---

పాత_సంచికలు:

నాకూ ఇరవై ఏళ్లప్పుడు శిక్షలాగే అనిపించింది తమ్ముడూ. నలభై దాటాక దయలా అనిపిస్తోంది. నువ్వు అడిగాక ఇవాళ సాయంత్రం మళ్లీ తీసి చదువుతున్నాను.